కరెంటు పోయి నా పరువు నిలబెట్టింది: హరికథలో గుయ్‌మన్న మైక్ సెట్

నిన్న రాత్రి ఇల్లు చేరేసరికి పన్నెండయింది, చెవుల్లో ఇంకా గుయ్‌మంటూనే ఉంది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది పర్లాకిమిడి. పాతపట్నం దాటితే మా ఊరే. బోర్డులు ఒడియాలో ఉంటాయి, వీధిలో తగాదాలు తెలుగులో నడుస్తాయి. నాకు చిన్న మైక్ సెట్ ఉంది. మైకుల సౌండంతా కలిపి సర్దే పాత మిక్సరు, దాన్ని పెంచి బాక్సులకిచ్చే రెండు యాంప్లిఫయర్లు, బాక్సులేమో రెండు టాప్‌లు, రెండు బేస్‌లు. పక్క వీధి వినాయక నవరాత్రుల్లో హరికథకి ఆరు వేలకి ఒప్పుకున్నాను. పోలీసు పర్మిషన్‌కి కమిటీ కుర్రాడు ఒడియాలో అర్జీ రాసిచ్చాడు, రాత్రి పదికి మైకు ఆపేయాలన్నారు, సరే అన్నాం. మధ్యాహ్నం సెట్ దింపి చెక్ చేస్తే సౌండు అద్దంలా ఉంది.

సాయంత్రం ఆరున్నరకి లైట్లు వేశారు, బాక్సుల్లోంచి గుయ్‌య్ అని మొదలైంది. ఆర్కెస్ట్రా అయితే ఆ గోలలో ఎవరికీ వినపడదు, నేనూ పట్టించుకోను. హరికథ అలా కాదు. దాసుగారు ఒక్క క్షణం ఆగి జనం ముఖాల్లోకి చూస్తే చాలు, ఆ నిశ్శబ్దంలో మన దరిద్రమంతా బయటపడుతుంది.

గంటసేపు మైకులతో కుస్తీ పట్టాను. మైకు మార్చాను, వైరు మార్చాను, ఛానెల్ మార్చాను. ఇంటర్వెల్లో పాటలు వేసే ల్యాప్‌టాప్‌కి ఛార్జర్ పీకితే సన్నటి జిర్రు ఒకటి పోయింది (రెండు పిన్నుల ఛార్జర్లతో ఇది ఎప్పుడూ ఉన్నదే, బ్యాటరీ మీద నడుపుకోండి), అసలు గుయ్ మాత్రం పోలేదు. లైట్ల వాడి మీద పడ్డాను. నీ రంగుల లైట్ల వల్లే ఇదంతా, ఆపు అని. వాడు ఒడియాలో నాలుగు మాటలని ఆపాడు. కాస్త తగ్గినట్టనిపించింది, అంతే. ఈక్వలైజర్‌లో (లావు, సన్న సౌండుని విడివిడిగా సర్దేది) లావు సౌండు స్లయిడర్లన్నీ దించేస్తే దాసుగారి మైకు రేకు డబ్బాలోంచి మాట్లాడినట్టయింది గానీ గుయ్ చెక్కుచెదరలేదు.

ఈ మధ్యలో కమిటీ వాళ్ల ఎలక్ట్రీషియన్ వచ్చాడు. "గురూ, ఎర్త్ తీసేస్తే హమ్ పోద్ది, ఎన్ని చూశాను" (హమ్ అంటే ఈ గుయ్యే) అంటూ నేను వద్దనేలోపే మిక్సరు దగ్గరా స్టేజీ మీదా రెండు చోట్లా ఎర్త్ పిన్ను తీసేశాడు. నిజంగానే చాలా తగ్గింది. హమ్మయ్య అనుకుని హలో హలో అందామని మైకు నోటి దగ్గర పెట్టుకుంటే పెదవికి చురుక్కుమంది. గజ్జెలు కట్టుకుని, ఒట్టి కాళ్లతో, మంచు పడ్డ స్టేజీ మీద ఇంకో పది నిమిషాల్లో దాసుగారు నిలబడాలి! ఆ పిన్నులు నా చేత్తో నేనే మళ్లీ బిగించాను. సౌండు గుయ్‌మన్నా ఫర్వాలేదు, మనిషి పోతే ఎవడిస్తాడు? పిన్ను పీకి పాతికేళ్ల అనుభవం అని చెప్పుకునే వాళ్లని స్టేజీ దరిదాపులకి రానివ్వకండి.

ఏడున్నరకి కథ మొదలైంది, రుక్మిణీ కల్యాణం. రుక్మిణి ఉత్తరం పంపించి బ్రాహ్మడి కోసం ఎదురుచూసే ఘట్టం వచ్చింది. దాసుగారు గొంతు తగ్గించి, ఇదిగో వస్తాడు, అదిగో వస్తాడు అంటూ వీధి గుమ్మం వైపు చూసినట్టు చూసి ఆగారు. పందిరంతా నిశ్శబ్దం. అందులో నా గుయ్. హార్మోనియం ఆయన తల వంచి విన్నాడు, ఒక మెట్టు నొక్కాడు, పక్క మెట్టు నొక్కాడు, మైకులోనే అన్నాడు: "అయ్యా, ఇది అయిదు కాదు, అయిదున్నర కాదు, మధ్యలో మోగుతోంది." అయిదు, అయిదున్నర అంటే హార్మోనియం మీద పక్కపక్క శ్రుతులు. దాసుగారు చిరతలు ఆపి నా వైపు తిరిగారు. "నాయనా, ఏదో ఒక శ్రుతిలో పెట్టించు, నేనే సర్దుకుంటాను." రెండు వందల మంది ఒక్కసారిగా వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వారు. మా మేనత్త కూడా. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు ఊగుతుంది కాబట్టి దాని హమ్ 50లో, 100లో మోగుతుంది, అది నిజంగానే అయిదు మెట్టుకీ అయిదున్నరకీ మధ్యే పడుతుంది. ఆయన చెవికి దండం. కానీ అంతమంది ముందు అనాలా?

ఇక అసలు సంగతి. ఎనిమిదింపావుకి వీధిలో కరెంటు పోయింది. నా మిక్సరు పక్కింటి లైను మీద ఉంది, బాక్సులు ఢామ్మని ఒక్క దెబ్బ కొట్టి మూగబోయాయి. యాంప్లిఫయర్లున్న స్టేజీ మాత్రం వెలుగుతూనే ఉంది. సాయంత్రం నాకు చెప్పకుండా దాన్ని జనరేటర్ మీదకి మార్చారట, వోల్టేజీ బాగుంటుందని! కమిటీ కుర్రాడు పరిగెత్తి స్టేజీ బోర్డు నుంచి మిక్సరు దాకా ఎక్స్‌టెన్షన్ వైరు లాగాడు. మిక్సరు వెలిగింది. ఫేడర్ (మిక్సరు మీద సౌండు పెంచే స్లయిడరు) ఎత్తాను. గుయ్ లేదు. వేలితో మైకు తట్టి చూశాను, టక్ అంది, ఆ తర్వాత ఏమీ లేదు. జనం చప్పట్లు కొడితే నేనే ఏదో కనిపెట్టినట్టు చెయ్యి ఊపాను.

పొద్దున తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. మిక్సరుకి ఒక ఎర్త్, యాంప్లిఫయర్లకి జనరేటర్ వైపు ఇంకో ఎర్త్. రెంటికీ మధ్య కాస్త వోల్టేజీ తేడా. మధ్యలో ముప్పై మీటర్ల నా కేబుల్, దాని లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు జాలీలోంచి ఆ తేడా వల్ల కరెంటు ప్రవహిస్తోంది. పైగా నావి ఒక్క సిగ్నల్ తీగే ఉండే మామూలు మోనో జాక్‌లు, సిగ్నల్ తిరిగొచ్చే దారి కూడా ఆ జాలీయే, అందుకే హమ్ పాటతో కలిసి బాక్సుల్లోకి ఎక్కింది. మూడు పిన్నుల బ్యాలెన్స్‌డ్ కేబుల్ అయితే జాలీ కాక సిగ్నల్‌కి రెండు తీగలుంటాయి, ఆ రెండు తీగల్లోనూ ఒకేలా వచ్చే హమ్‌ని అవతలి మిషను కొట్టేస్తుంది.

నాకు ఒళ్లు మండేదేమిటంటే, ఆరున్నరకే ఆధారం నా చేతిలో ఉంది. ఫేడర్లన్నీ కిందికి దించినా గుయ్ అలాగే ఉంది. అంటే అది మిక్సరు దాటాక ఎక్కుతున్నట్టే కదా! ఈక్వలైజర్ కొట్టలేకపోయింది అందుకే. మైకులతో గంట ఎందుకు కుస్తీ పట్టానో నాకే తెలీదు. మీరు ముందు ఫేడర్లు దించండి. గుయ్ పోతే మైకులు, వైర్లు వెతకండి, పోకపోతే మిక్సరుకీ బాక్సులకీ మధ్య చూడండి. మిక్సరుకీ యాంప్లిఫయర్లకీ కరెంటు ఒకే బోర్డు నుంచి తీసుకోండి, కమిటీ వాళ్లు ఎంత వద్దన్నా. బజార్లో నాయిస్ ఫిల్టర్ అని పద్దెనిమిది వందలకి నాకు అంటగట్టిన పెద్దమనిషి డబ్బా నిన్న రాత్రంతా తగిలించే ఉంది, దాని మీద పచ్చ లైటు మాత్రం బాగా వెలిగింది.

కోశాధికారి ఆరు వేలల్లో అయిదు వందలు కోసేశాడు, "గుయ్‌మన్న గంటకి" అట. జనరేటర్ ఎవరు మార్చారని అడిగితే చీటీ చూస్తూ కూర్చున్నాడు. నిమజ్జనానికి మళ్లీ నన్నే పిలుస్తున్నారు, ముందు పాత అయిదు వందలు తెమ్మన్నాను.