ఫోర్క్ తర్వాత చదివినా రాసినట్టే

నాలుగు రోజులు ఒకటే టెన్షన్. పైథాన్‌లో 6 జీబీ డిక్షనరీని ఒక్కసారి లోడ్ చేసి, ఆ తర్వాత 8 చైల్డ్ ప్రాసెస్‌లను ఫోర్క్ చేశాను (అంటే నడుస్తున్న ప్రోగ్రామ్‌కు నకళ్లు తీశాను; అసలుది పేరెంట్, నకళ్లు చైల్డ్‌లు). మెషీన్‌లో ఉన్నది 32 జీబీ ర్యామ్. చైల్డ్‌లు డిక్షనరీని చదవడమే తప్ప ఒక్క ఎంట్రీ కూడా మార్చవు కాబట్టి అన్నిటికీ కలిపి ఆ 6 జీబీ చాలనుకున్నాను. మొదట్లో అలాగే ఉంది. అరగంటకల్లా ర్యామ్ నిండిపోయి, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లో మెమరీని పంచే అసలు భాగం) ఒక చైల్డ్‌ను చంపేసింది.

లినక్స్‌లో ఫోర్క్ కాల్ చేసినప్పుడు డేటా కాపీ అవదు, ఏ డేటా ర్యామ్‌లో ఏ పేజీలో (4 కేబీ ముక్కలో) ఉందో చెప్పే పేజ్ టేబుల్స్ కాపీ అవుతాయి (6 జీబీకి అవి 12 ఎంబీ దాకా ఉంటాయి). పేరెంట్‌వీ చైల్డ్‌వీ రెండూ అవే ఫిజికల్ పేజీలను చూపిస్తుంటాయి, పైగా రాయడానికి వీలున్న ప్రైవేట్ పేజీలన్నిటినీ కెర్నల్ రీడ్ ఓన్లీ చేసేస్తుంది. ఎవరు ముందు రాయబోయినా పేజ్ ఫాల్ట్ వస్తుంది (అంటే ఆ రాత ఆగి కెర్నల్‌కు కబురు వెళ్తుంది), అప్పుడు కెర్నల్ ఆ ఒక్క 4 కేబీ పేజీకి కాపీ తీసి ఇస్తుంది. ఇదే కాపీ ఆన్ రైట్. ఇది లేని రోజుల్లో ఫోర్క్ మెమరీ మొత్తం కాపీ చేసేది, వెంటనే ఎగ్జెక్ కాల్ చేస్తే (అంటే చైల్డ్‌లో వేరే ప్రోగ్రామ్ మొదలుపెడితే) ఆ శ్రమంతా వృథా, అందుకే 1979లో 3బీఎస్‌డీ అనే యూనిక్స్‌లో మెమరీ కాపీ చేయని వీఫోర్క్ తెచ్చారు.

మరి నా చైల్డ్‌లు ఏం రాశాయి? సీపైథాన్‌లో (మామూలుగా అందరూ వాడే పైథాన్ ఇదే) రిఫరెన్స్ కౌంట్, అంటే ఒక ఆబ్జెక్ట్‌ను ఎన్ని చోట్ల నుంచి వాడుతున్నారనే లెక్క, ఆ ఆబ్జెక్ట్‌లోనే ఉంటుంది. డిక్షనరీలోంచి ఒక విలువ తీసి చూస్తే చాలు, ఆ కౌంట్ పెరుగుతుంది, వదిలేస్తే తగ్గుతుంది. నా కోడ్‌కు అది చదవడం, కెర్నల్‌కు మాత్రం రాయడం! ఒక్క కౌంట్ మారినా 4 కేబీ మొత్తం కాపీ, అలా లక్షల ఆబ్జెక్టులు.

ముందు పైథాన్‌లోని జీసీ డాట్ ఫ్రీజ్ ఫంక్షన్ పెట్టి చూశాను. అది గార్బేజ్ కలెక్టర్ (వాడని ఆబ్జెక్టులను ఏరేసే భాగం) చేసే రాతలను ఆపుతుంది, రిఫరెన్స్ కౌంట్ జోలికి వెళ్లదు, కాబట్టి కొంచెమే తగ్గింది. చివరికి అంకెలన్నీ నంపై అనే లైబ్రరీ అర్రేల్లోకి (విలువలను వరసగా పేర్చి ఉంచేవి) మార్చాను. అందులో విలువకొక ఆబ్జెక్ట్ ఉండదు, కౌంట్ అర్రే మొత్తానికి ఒక్కటే, కాబట్టి చదివినా డేటా పేజీలు కాపీ అవలేదు.

ఇంకొకటి, ఏ ప్రాసెస్ ఎంత మెమరీ వాడుతోందో చూపే టాప్ కమాండ్‌లో కనిపించే రెస్ కాలమ్‌ను కూడకండి. షేర్ అయిన పేజీలను అది ప్రతి ప్రాసెస్‌కూ పూర్తిగా లెక్కేస్తుంది. లినక్స్‌లో ప్రొక్ ఫోల్డర్ కింద ప్రతి ప్రాసెస్‌కూ ఉండే స్మాప్స్ రోలప్ ఫైల్‌లో పీఎస్ఎస్ అని ఉంటుంది, పంచుకున్న పేజీని పంచుకున్నవాళ్ల మధ్య భాగించి చూపేది అదే. నాకు మొదటి రోజే అది చూడాలని తట్టి ఉంటే నాలుగు రోజులు పట్టేది కాదు.

పేర్ల స్ట్రింగ్‌లు ఇంకా డిక్షనరీలోనే ఉన్నాయి. వాటినీ ఒకే పెద్ద బైట్స్ బఫర్‌లోకి మార్చే పని ఈ వారానికి పెట్టుకున్నాను.