బొమ్మ చుట్టూ నాలుగు చెక్కలు

మ్యూజియానికి తీసుకెళ్తే బొమ్మలు వదిలేసి వాటి ఫ్రేముల అంచులు చూస్తానని మా అమ్మాయి నన్ను వేళాకోళం చేస్తుంది. నిజమే. మూల అతుకు ఎలా కలిపారు, బంగారం ఎక్కడ అరిగి కింది ఎర్రమన్ను బయటపడింది, పురుగు తొలిచిందా లేదా, నా కళ్లు ముందు అక్కడికే పోతాయి. గోడకి మరీ దగ్గరగా వంగుతానేమో, కాపలా వాళ్లు ఓ కన్ను నా మీదే వేసి ఉంచుతారు.

ఈ పిచ్చితో తెలిసొచ్చిందేమిటంటే, పాత చిత్రాలకి ఇప్పుడున్న ఫ్రేముల్లో చాలావాటిని ఆ చిత్రకారుడు కళ్లతో కూడా చూసి ఉండడు. చిత్రం చేతులు మారినప్పుడల్లా కొత్త యజమాని తన గోడకీ, తన కుర్చీలకీ నప్పేలా ఇంకోటి కట్టించుకునేవాడు. మోనాలిసానే తీసుకోండి. బొమ్మ 16వ శతాబ్దం మొదట్లోది, ఫ్రేము మాత్రం 1909లో ఒక ఫ్రెంచ్ దొరసాని ఇచ్చింది. ఆ తర్వాత రెండేళ్లకే, 1911 ఆగస్టు 21న, విన్సెంజో పెరూజా బొమ్మని ఎత్తుకుపోయాడు. ఆ బొమ్మ ఉన్న పారిస్ మ్యూజియం లూవ్ర్‌లోనే చిత్రాలకి గాజు బిగించే పని చేసినవాడే కాబట్టి ఎక్కడ విప్పాలో తెలుసు. ఫ్రేమునీ గాజునీ మెట్ల దగ్గర వదిలేసి, చెక్క మీద వేసిన బొమ్మని మాత్రం పట్టుకుపోయాడు.

మొదట్లో ఇలా విడదీసే వీలే ఉండేది కాదు. మధ్యయుగంలో వడ్రంగి బొమ్మ వేసే పలకనీ అంచునీ కలిపే తయారు చేసేవాడు. ఒక్కోసారి ఒకే చెక్కని మధ్యలో తొలిచి, అంచు ఎత్తుగా మిగిల్చేవాడు. ఆ మొత్తం మీద సుద్దా జిగురూ కలిపిన పూత వేసి, బంగారం అద్దాక గానీ చిత్రకారుడి పని మొదలయ్యేది కాదు. అంచుని తర్వాతెవరో కోసేసినా, పూత మలుపు తిరిగిన చోట సన్నని గట్టు మిగిలిపోతుంది. గట్టు చుట్టూ చెక్కుచెదరకుండా ఉంటే బొమ్మని కత్తిరించలేదని నిపుణులు చెప్పగలరు.

లండన్ నేషనల్ గ్యాలరీలో 15వ శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకారుడు యాన్ వాన్ ఐక్ వేసిన ఎర్ర తలపాగా మనిషి ఉన్నాడు. దాని నిలువు అంచులూ మధ్య పలకా ఒకే చెక్క. పై అంచు మీద 'నాకు చేతనైనట్టు' అని, కింది అంచు మీద 'యాన్ వాన్ ఐక్ నన్ను చేశాడు' అని, 1433 అక్టోబరు 21 తేదీతో సహా రాసుంది. ఆ అక్షరాలు చెక్కినట్టే కనిపిస్తాయి కానీ రంగుతో వేసినవి. ఇంత కొంటెతనం అంచు మీద చూపించినవాడికి ఫ్రేమంటే చిన్నచూపు ఉండి ఉంటుందా?

ఇటలీలోనైతే ఫ్రేము ముందు, బొమ్మ తర్వాత. మిలాన్‌లో ఒక భక్త సంఘం 1480లోనే తమ పూజాపీఠానికి చెక్క చట్రం చెక్కమని జాకొమో డెల్ మైనో అనే కొయ్య శిల్పికి పని అప్పజెప్పింది. అందులో అమర్చే చిత్రాల కోసం మోనాలిసా వేసిన లియోనార్డోతో ఒప్పందం రాసుకున్నది 1483లో. ఆ మహానుభావుడు కూడా వడ్రంగి ఇచ్చిన కొలతలకి సర్దుకోవాల్సి వచ్చింది!

బంగారం సంగతీ చెప్పాలి. దాన్ని డాబు కిందే జమకట్టడం అన్యాయం. కొవ్వొత్తుల వెలుగులో ఆ అంచు తళుక్కుమని బొమ్మ మీదికి కాస్త వెలుతురు తోసేది. సుద్ద పూత మీద మెత్తని ఎర్రమన్ను రాసి, తడిపి, బంగారు రేకు పరిచి, ఆరాక అగేట్ అనే నున్నని రాయితో రుద్దితే ఆ మెరుపు వస్తుంది. 19వ శతాబ్దానికి చెక్కడం మానేసి, సుద్ద, జిగురు, అవిసె నూనె, గుగ్గిలం లాంటి బంక కలిపిన ముద్దని అచ్చుల్లో నొక్కి పువ్వులూ ఆకులూ అతికించారు. మామూలు ఇళ్లకి నగిషీ ఫ్రేములు వచ్చింది ఈ ముద్ద పుణ్యమే. గుర్తుపట్టడం తేలిక: ఎండేకొద్దీ కుంచించుకుపోయి అడ్డంగా, వరసగా పగుళ్లు ఇస్తుంది. నాకైతే ఆ పగుళ్లంటేనే ముద్దు.

ఆ బంగారం మీద విసుగుతో ఇంప్రెషనిస్టులనే 19వ శతాబ్దపు ఫ్రెంచ్ చిత్రకారులు తెల్ల ఫ్రేములు పెట్టారు. 1887లో వాన్ గోహ్ ఒక పళ్ల బొమ్మ వేస్తూ చెయ్యాపక అదే పసుపు రంగుని ఫ్రేముకీ పులిమేశాడు. 20వ శతాబ్దపు డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ దగ్గరికి వచ్చేసరికి సన్నని పట్టీ తప్ప ఏమీ మిగల్లేదు. మ్యూజియం తెల్లగోడకి అది బాగానే ఉంటుంది, ఇంటికి మాత్రం నాకు బోసిగా అనిపిస్తుంది.

ఇంట్లో ఫ్రేములు విప్పేదీ నేనే. ఈమధ్య మా అమ్మమ్మ ఫోటో వెనక అట్ట తీశాను. ముందు తుప్పు మేకులు, ఆ తర్వాత ముట్టుకుంటే పెళుసుగా విరిగే అట్ట. ఫోటో ముందు కిటికీలా కోసి పెట్టిన అట్టని మౌంటు అంటారు, దాని కోత పొడుగునా గోధుమరంగు గీత. చవక అట్టలోని ఆమ్లం చేసే పని అది, ఆ మరక కాగితానికీ పాకుతుంది. మౌంటు కప్పేసిన అంచులో మాత్రం వెలుతురు తగలక ఫోటో అసలు రంగు అలాగే ఉంది. దాంతోపాటు ఇన్నాళ్లూ ఎవరికీ కనబడని కుర్చీ చెయ్యి, దాని మీద ఎవరివో నాలుగు వేళ్లు! అమ్మకి చూపిస్తే, అవి పెద్ద మామయ్యవేనని ఒకటే పట్టు.

ఆమ్లం లేని మౌంటు కోయించాను, ఈసారి కిటికీ పెద్దదిగా, వేళ్లు కనబడేలా. గాజు ఫోటోకి తగలకూడదు, చెమ్మకి అంటుకుపోతుంది. మౌంటు మందం ఆ రెండింటినీ ఎడంగా ఉంచే పని కూడా చేస్తుంది. పాత ఫ్రేము తమ్ముడు అడిగి పట్టుకెళ్లాడు, అద్దం పెట్టించుకుంటాడట.