జున్ను డైరీ, 11వ వారం: ట్రాన్స్‌ఫార్మర్ మూల దగ్గర మళ్ళీ మొదటికొచ్చింది

పొద్దున 5:50కి మా కుక్క జున్ను, ఇంకో కుక్కను చూసి మళ్ళీ ఎగబడింది. అదే మూల, అదే కుక్క. మోచెయ్యి ఇంకా లాగుతోంది, టైప్ చేస్తుంటే తెలుస్తోంది. పది రోజుల్లో ఇది ఏడోసారి. బెంగళూరులో మేముండే ఏఈసీఎస్ లేఔట్ మొత్తం ఒక ఎత్తు, ఈ ఒక్క మూల ఒక ఎత్తు అయిపోయింది నాకు.

బాగా జరిగినవి కూడా చెప్పేస్తాను: ఖాళీ సైట్ దగ్గర వేరే కుక్కను చూసినా ఎగబడకుండా నా వైపు తిరిగే దూరం 15 మీటర్ల నుంచి 9 మీటర్లకు తగ్గింది, డెలివరీ బైకులను అసలు పట్టించుకోవట్లేదు. సరే, ఇక ఆ మూల సంగతి.

మా గేటు నుంచి 140 అంగలు. నా అంగ దాదాపు 65 సెంటీమీటర్లు (ఇంట్లో టేపు పెట్టి కొలిచాను, మా ఆయన నవ్వారు), అంటే 91 మీటర్లు. ఎడమవైపు ఏడడుగుల కాంపౌండ్ గోడ, దానికి ఆనుకుని ట్రాన్స్‌ఫార్మర్, కుడివైపు రాత్రంతా ఆగి ఉండే నీళ్ళ ట్యాంకర్. ఈ రెండింటి మధ్యలోంచి తిరిగితే ఇసుక కుప్ప, దాని మీద ఒక గోధుమరంగు ఆడకుక్క. చెవికి కోత ఉంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి దాని చోటికి తెచ్చి వదిలేశారన్నమాట, కాబట్టి అది ఎక్కడికీ పోదు, పోవాలని నేనూ అనుకోను. పాపం అది ఏమీ చెయ్యదు కూడా. తల ఎత్తి చూస్తుంది, అంతే. మలుపు నుంచి కుప్పకి 17 అంగలు, 11 మీటర్లు.

నాకు బుర్ర తిరిగేది ఇక్కడే. సైట్ దగ్గర 9 మీటర్లలో నడిచే కుక్క ఉన్నా ఓకే అన్న జున్ను, ఇక్కడ 11 మీటర్లలో పడుకున్న కుక్కను చూసి ఎందుకు అంత గోల చేస్తుంది?

మామూలుగా నడిచేటప్పుడు జున్ను నోరు కొంచెం తెరిచి, నాలుక ఒక పక్కకి వేలాడుతూ ఉంటుంది. మూలకి ఆరంగల ముందు ఆ నోరు టక్కున మూసుకుంటుంది. చెవులు ముందుకి, తోక కర్రలా నిలబడుతుంది. అప్పుడు చికెన్ ఇస్తే తింటుంది, కానీ పెదాలతో కాదు, పళ్ళతో లాక్కుంటుంది. నా చూపుడు వేలి మీద రెండు గాట్లు దాని పుణ్యమే. అంటే కుక్క కనబడక ముందే ఒళ్ళంతా బిగిసిపోయి ఉంది.

మొదటి అనుమానం నా చెయ్యి మీదే. మా ఆయన వెనకనుంచి వీడియో తీశారు. చూస్తే సిగ్గేసింది, నాకు తెలియకుండానే మూల రాకముందే లీష్ మణికట్టుకి రెండు చుట్లు చుట్టేస్తున్నాను. "అమ్మ టెన్షన్ పడుతోంది, ఏదో ఉంది" అని దానికి నేనే చెబుతున్నట్టు. లీష్ నడుము బెల్టుకి కట్టి చేతులు ఖాళీగా పెట్టుకున్నాను. రెండు రోజులు బాగుంది. మూడో రోజు ఎగబడింది, ఈసారి చెయ్యి బదులు నడుము పట్టేసింది.

రెండో అనుమానం లిఫ్ట్. రెండో అంతస్తులో జర్మన్ షెపర్డ్ ఉంది, లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే అది ఎదురైతే ఇద్దరూ అరుస్తారు. ఆ కంగారు దిగకముందే మేము మూలకి చేరుతున్నాం. మెట్లు దిగడం మొదలుపెట్టాను. లిఫ్ట్‌లో దిగిన ఆరు రోజుల్లో అయిదు ఫెయిల్, మెట్లు దిగిన నాలుగు రోజుల్లో రెండు. పది రోజుల లెక్కతో ఏదీ తేల్చలేం గానీ మెట్లు మాత్రం మానను.

ఇస్త్రీ బండి అతనిది మదనపల్లె, ఆయన లెక్క వేరు: "ఆ సందులో దిష్టి తగిలిందక్కా, ఉప్పు తిప్పెయ్". పాల బూత్ ఆంటీ అయితే రోజూ అదే ప్రశ్న, "నాయి కచ్చుత్తా?" కరవదు ఆంటీ, భయపడుతుంది అంతే.

మొన్న ఆదివారం ట్యాంకర్ లేదు. ఇసుక కుప్ప దూరం నుంచే కనబడింది. జున్ను చూసింది, ఒక్క క్షణం ఆగింది, నా వైపు తిరిగింది, పెదాలతో చికెన్ తీసుకుంది! అప్పుడు వెలిగింది నాకు. నేను పదకొండు వారాలుగా నోట్‌బుక్‌లో మీటర్లు రాస్తున్నాను, రాయాల్సింది సెకన్లేమో. సైట్‌లో కుక్క 40 మీటర్ల నుంచి నెమ్మదిగా కనబడుతూ వస్తుంది, జున్నుకి ఆలోచించుకునే టైం ఉంటుంది. ఇక్కడ గోడ దాటగానే కుక్క ఎదురుగా ప్రత్యక్షం. మలుపంటేనే ఏదో వస్తుందని ముందే నోరు బిగించేస్తోంది.

అందుకే ఈ రోజు రోడ్డుకి అవతలి పక్కనుంచి, విరిగిన డ్రైనేజీ పలకలు దాటుకుంటూ, మూల కొంచెం కొంచెంగా తెరుచుకునేలా వెళ్ళాను. అద్భుతంగా పనిచేసింది, సరిగ్గా నాలుగు సెకన్లు. అయిదో సెకనులో ట్యాంకర్ అతను మోటార్ ఆన్ చేశాడు. ఇక చెప్పక్కర్లేదు.

ఒకప్పుడు ఒక ట్రైనర్ దగ్గరికి వెళ్తే "మీరు ఆల్ఫా (గుంపు నాయకుడు) అని దానికి తెలియాలి, ముళ్ళ కాలర్ వెయ్యండి" అన్నాడు. తోడేళ్ళ గుంపులో ఆల్ఫా అనే మాటకి ప్రచారం తెచ్చిన తోడేళ్ళ పరిశోధకుడు డేవిడ్ మెక్, ఆ మాట సరికాదని 1999లో తనే రాశాడు, మనవాళ్ళకి మాత్రం ఇంకా చేరలేదు. నొప్పి పెడితే గుర్రుమనడం మానేస్తుందేమో, భయం మానదు. గుర్రుమనకుండా కరిచే కుక్క నాకొద్దు. సాగే లీష్ కూడా వద్దు, ఎప్పుడూ కాస్త బిగుతుగా ఉండి లాగడమే నేర్పుతుంది. డెకాత్లాన్ నడుము సంచి మాత్రం బంగారం, చికెన్ వాసన కడిగితే పోతుంది. బయటికి నందిని పనీర్ కూడా తీసుకెళ్ళి చూశాను, చికెన్ ముందు దిగదుడుపే.

రెండు రోజులు ఆ వైపు వెళ్ళం. ఒకసారి అంత బెదిరాక మర్నాడే అక్కడికి తీసుకెళ్ళడం నాదే తప్పని ఇప్పటికి రెండుసార్లు రాసుకున్నాను. ఇంట్లో స్నిఫింగ్ (వాసన పట్టే) ఆటలు, డాబా మీద నడక. మజిల్ (మూతికి తొడిగేది) అలవాటు కూడా ఈ రెండు రోజుల్లో మొదలుపెట్టాలి, బుట్టలాంటిది, నోరు తెరిచి రొప్పగలిగేది.

శనివారం 6 గంటలకి ఖాళీ సైట్‌లో మా మూలని మేమే కడతాం. వ్యాగన్ ఆర్‌ని అడ్డంగా పెట్టి ట్యాంకర్ అనుకోవడం, దాని వెనక 30 మీటర్ల దూరంలో మా చెల్లెలి ఫ్రెండ్ వాళ్ళ పన్నెండేళ్ళ లాబ్రడార్‌ని పడుకోబెట్టడం, అది ఎలాగూ లేవదు. మొదట కారు అంచు నుంచి దూరంగా, వెడల్పుగా తిరుగుతాం, తర్వాత రోజుకి కొంచెం దగ్గరగా. ఈసారి స్టాప్‌వాచ్ కూడా.

ఇసుక కుప్ప కూడా తెప్పించాలా అని మా ఆయన అడుగుతున్నారు.