ఆ కత్తి ఎవరిదో తేల్చడానికి పడ్డ పాట్లు: నా అనుభవం

మేముండేది అమెరికాలో, ఇండియానా రాష్ట్రంలో. మా పక్కింటి పెద్దావిడ భర్త పోయాక ఇల్లు అమ్మేసి కూతురి దగ్గరికి వెళ్లిపోదామనుకున్నారు. అటక మీది సామాను దించుతుంటే ఒరలో ఉన్న పొడుగాటి కత్తి, ఒక మడత చాకు, కాగితాల డబ్బా బయటపడ్డాయి. పాత ఆయుధాలంటే నాకు ఇష్టమని తెలిసి కబురు పెట్టారు. "ఇది మా తాతగారిది. క్లాన్ వాళ్ల కత్తి అని చిన్నప్పుడు ఇంట్లో గుసగుసలాడుకునేవారు. నిజమేంటో తేల్చిపెట్టు" అన్నారు.

అది మామూలు అనుమానం కాదు. కు క్లక్స్ క్లాన్ 1865లో టెనెస్సీలోని పులాస్కీ ఊళ్లో పుట్టింది. ముసుగులేసుకుని రాత్రిపూట నల్లవాళ్ల ఇళ్ల మీద పడ్డ ముఠా. 1870ల మొదట్లో ప్రభుత్వం అణచివేసినా, 1915లో విలియం సిమన్స్ జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద దానికి మళ్లీ ప్రాణం పోశాడు. ఆ రాత్రి వాళ్లు పేర్చుకున్న వేదిక మీద బైబిలు, జెండాతో పాటు ఒర తీసిన కత్తి కూడా ఉంది. ఇక 1920లలో ఇండియానా వాళ్లకు కంచుకోట. ఇక్కడ సుమారు 2,50,000 మంది సభ్యులుండేవారని అంచనా. విదేశీయుల రాకను కట్టడి చేసిన 1924 చట్టానికి గట్టిగా వత్తాసు పలికిందీ వీళ్లే. అప్పట్లో మూసుకుపోయిన అమెరికా పౌరసత్వపు తలుపు మన భారతీయులకు మళ్లీ తెరుచుకున్నది 1946లో. అందుకే ఈ పనిని పక్కింటివాళ్ల గొడవగా చూడలేకపోయాను.

మొదట ఆవిడకు చెప్పింది ఒక్కటే: తుడవొద్దు, పాలిష్ పెట్టొద్దు. అరిగిపోయిన గీతల్లోనే సాక్ష్యం ఉంటుంది.

ఈలోగా కూతురు పిలిపించిన పాతసామాన్ల వ్యాపారి వచ్చాడు. ఒర మీది పుర్రె బొమ్మ చూసి, కత్తి బయటికి తీయకుండానే "క్లాన్‌దే, సందేహం లేదు" అన్నాడు. మంచి ధర ఇస్తానన్నాడు. ఆ పేరు తగిలిస్తే ధర పెరుగుతుంది, అంతే సంగతి. ఆన్‌లైన్‌లో వేలం వేసే ఈబే 2001లోనే ఇలాంటి సరుకును నిషేధించింది గానీ, చాటుగా కొనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. చచ్చిపోయిన మనిషి మీద ఒక్క మాటతో అంత ముద్ర వేసేయడమేంటి?

రాత్రి గదిలో లైట్లు ఆర్పి, టార్చి వెలుగు ఏటవాలుగా వేసి చూశాను. పగలు నున్నగా కనిపించిన అలుగు మీద తీగల అల్లిక, దాని మధ్యలో తాతగారి పేరు తేలాయి. పిడికి దగ్గర్లో తయారీదారు ముద్ర ఉంది: ఎం.సి. లిల్లీ, కొలంబస్, ఒహాయో. పిడి చివర శిరస్త్రాణం పెట్టుకున్న యోధుడి తల. చేతికి అడ్డుగా ఉండే ఇత్తడి కడ్డీ మధ్యలో, మట్టి పేరుకున్న చోట మూడు అక్షరాలు: ఎఫ్, సి, బి. ఫ్రెండ్‌షిప్, చారిటీ, బెనెవొలెన్స్, అంటే స్నేహం, దానగుణం, పరోపకారం అని వాటి అర్థం. ఇవి 1864లో వాషింగ్టన్‌లో మొదలైన నైట్స్ ఆఫ్ పిథియాస్ అనే సోదర సంఘం గుర్తులు. చావు గుర్తుంచుకోమని చెప్పడానికి ఆ సంఘం పుర్రె బొమ్మను వాడేది. అప్పట్లో ఇలాంటి సంఘాలు ఎన్నో ఉండేవి. కవాతుల్లో పట్టుకునే కత్తులను లిల్లీ లాంటి కంపెనీలు వేలకొద్దీ చేసి అమ్మేవి. ఇప్పుడు అమ్మకానికొచ్చే "క్లాన్ కత్తుల్లో" చాలావాటి అసలు పుట్టుక ఇదే.

చాకు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. పిడి మీద కు క్లక్స్ క్లాన్‌కు గుర్తుగా మూడు 'కె'లు, ముసుగు వేసుకున్న రౌతు. చూడగానే ఇదే అసలు సరుకు అనిపిస్తుంది. కానీ అలుగు మొదట్లో తయారీదారు ముద్ర లేదు. పైన నల్లబారినట్టున్నా, రివెట్ల అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి. బొమ్మ పోతపోసినట్టు మొద్దుగా ఉంది, చేత్తో చెక్కింది కాదు. ఇలాంటి నకిలీ చాకులూ బెల్టు బకిల్సూ గత యాభై ఏళ్లుగా బజార్లో తిరుగుతున్నాయి. ఆవిడ భర్త ఏ సంతలోనో కొని ఉండాలి.

ఇక ఊపిరి పీల్చుకుందామనుకుంటుండగా ఆవిడే కాగితాల డబ్బా ముందుకు తోశారు. "అదీ చూడు" అన్నారు. బీమా పత్రాల మధ్య పసుపుబారిన రసీదు ఒకటి. తాతగారి పేరు, 1923, సభ్యత్వ రుసుము 10 డాలర్లు. క్లాన్‌లో చేరడానికి కట్టించుకునే రుసుము సరిగ్గా అంతే. చేర్పించిన ఏజెంటుకు అందులోంచి 4 డాలర్లు ముట్టేవి. ఆ ఏజెంట్లు సభ్యుల కోసం ముందుగా తిరిగింది పిథియాస్ లాంటి సంఘాల్లోనే. కత్తి నిర్దోషి. దాన్ని పట్టుకున్న చెయ్యి కాదు.

ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "దీన్ని పారేయకూడదు, కదూ?" అన్నారు. కూడదన్నాను. 1995లో మా రాష్ట్రంలోనే ఉన్న నోబుల్స్‌విల్ ఊళ్లో పాత కొట్టంలో క్లాన్ సభ్యత్వ కార్డులున్న ట్రంకు పెట్టె దొరికితే, దాన్ని చరిత్ర సంఘానికి అప్పగించారు. దానివల్లే ఊళ్లో ఎలాంటివాళ్లు చేరారో ఆధారాలతో రాయగలిగారు. 1925లో ఇండియానా క్లాన్ నాయకుడు స్టీఫెన్సన్‌ను మాడ్జ్ ఓబర్‌హోల్ట్‌జర్ అనే యువతి హత్య కేసులో దోషిగా తేల్చింది కూడా ఆ ఊరి కోర్టులోనే.

మా కౌంటీ చరిత్ర సంఘానికి రాశాం. వాళ్లు ఫొటోలు, కొలతలు అడిగారు. ఏది ఎక్కడ, ఎవరి చేతుల్లో ఉండి వచ్చిందో ఆవిడ సంతకంతో రాసిమ్మన్నారు. ఇలాంటివి ఇచ్చేవాళ్లు ఈ చివరి కాగితాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. అది లేకపోతే వస్తువు ఉత్త ఇనపముక్కే. కమిటీ కూర్చుని రసీదు తీసుకుంది. పిల్లలకు నకిలీలు గుర్తుపట్టడం నేర్పడానికి పనికొస్తుందని చాకునూ తీసుకుంది. పిథియాస్ కత్తులు తమ దగ్గర ఉన్నాయంటూ కత్తిని వెనక్కిచ్చింది.

దానపత్రంలో, కుటుంబం పేరు బయటపెట్టవచ్చా అని ఒక ప్రశ్న ఉంది. వద్దని కూతురు బతిమాలింది. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని, "వాళ్లు బాధపెట్టినవాళ్లకూ పేర్లున్నాయి" అంటూ 'అవును' ఉన్న గడిలో టిక్కు పెట్టి సంతకం చేశారు.