గిటార్ గేమ్ నుంచి గిటార్ దాకా: నా అనుభవం

గిటార్ గేమ్ ఆడితే నిజంగా గిటార్ వస్తుందా అని మా ఆఫీసులో పిల్లలున్నవాళ్లు నన్ను అడుగుతుంటారు. వస్తుంది గానీ అంతా రాదు. ఏది వస్తుందో, ఏది రాదో నేను చేతులతో తెలుసుకున్న సంగతి ఇది.

మాది తిరుపతి, కొర్లగుంట. మామయ్య అమెరికా నుంచి వస్తూ ప్లేస్టేషన్ 2, దాంతోపాటు గిటార్ హీరో ప్లాస్టిక్ గిటార్ తెచ్చాడు. ఆ గేమ్ 2005లో వచ్చింది, తయారుచేసింది హార్మోనిక్స్ అనే సంస్థ. ఆ గిటార్‌కు తీగలుండవు. మెడ మీద ఐదు రంగుల బటన్లు, కుడిచేతికి తీగ మీటినట్టు పైకీ కిందికీ కదిపే ఒక చిన్న పట్టీ. తెర మీద రంగు చుక్కలు మనవైపు జారుతూ వస్తాయి. గీత దగ్గరికి చేరగానే ఆ రంగు బటన్ నొక్కిపట్టి పట్టీ కదపాలి. నేనూ తమ్ముడూ వేసవి సెలవులన్నీ దాని ముందే కూర్చున్నాం.

ఆ ఆటను కొట్టిపారేసేవాళ్లతో నేను ఒప్పుకోను. మనం పాట వింటున్నామంటే గొంతు వెంట పోవడమే. గొంతు కింద గిటార్ ఏం చేస్తోందో, లోతుగా మోగే బేస్ గిటార్ ఎక్కడ నడుస్తోందో నాకు మొదటిసారి వినిపించింది ఆ గేమ్ వల్లే. ఇంకొకటి, స్వరం తప్పినా పాట ఆగదు. తప్పింది వదిలేసి తర్వాతది అందుకోవాలి. గిటార్ కొత్తగా పట్టుకున్నవాళ్లు తప్పు పడగానే ఆగి మళ్లీ మొదటికొస్తారు. నాకు ఆ అలవాటు పడలేదు. నాలుగు వేళ్లతో ఐదు బటన్లు నొక్కాలి కాబట్టి చిటికెన వేలికి కూడా పని అలవాటైంది.

ఉద్యోగం వచ్చాక సప్తగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నై వెళ్లి ఎలక్ట్రిక్ గిటార్ కొన్నాను. మామూలు అకూస్టిక్ కాకుండా అదే ఎందుకంటే, అప్పటికే రాక్‌స్మిత్ గురించి తెలుసు. 2011లో యూబీసాఫ్ట్ తెచ్చిన ఈ గేమ్‌లో ప్లాస్టిక్ బొమ్మ పనిలేదు. అసలు గిటార్‌నే ఒక కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి వాయించాలి. మధ్యలో 2010లో రాక్ బ్యాండ్ 3 అనే ఇంకో గేమ్ కోసం పదిహేడు ఫ్రెట్లు (మెడ మీది అడ్డ కడ్డీల మధ్య గళ్లు), ఆరు తీగల లెక్కన 102 బటన్లున్న గిటార్ కూడా వచ్చింది. అది నేను చూడలేదు గానీ, ఎన్ని బటన్లు పెట్టినా బటన్ బటనే. తీగ నొప్పి పుట్టిస్తుంది. ఫ్రెట్ కడ్డీకి కాస్త వెనకాల, దాదాపు ఆనుకుని నొక్కితే శుభ్రంగా మోగుతుంది, ఇంకా వెనక్కి జరిగితే గరగరమంటుంది. బటన్‌లో ఈ తేడా ఎక్కడా తెలియదు.

రాక్‌స్మిత్ పెట్టుకున్న రోజే ఒక ఇబ్బంది. మీటిన తర్వాత కాసేపటికి టీవీలో శబ్దం వస్తోంది. రెండు మూడు రోజులు చేతి తాళం పాడైపోతుందేమోనని టెన్షన్ పడ్డాను. శబ్దం టీవీ గుండా పోతే ఈ ఆలస్యం ఉంటుంది. హెడ్‌ఫోన్స్ నేరుగా కంప్యూటర్‌కే పెట్టుకుని, టీవీలో ఆలస్యం తగ్గించే గేమ్ మోడ్ ఆన్ చేశాక సర్దుకుంది. ఈ గేమ్‌తో మొదలుపెట్టేవాళ్లు ముందు చేయాల్సిన పని ఇదే.

ఈ గేమ్ ప్రతి పాటకు ముందు శ్రుతి సరిచేయిస్తుంది. బాగా వాయిస్తే స్వరాలు పెంచుతుంది, తడబడితే తగ్గిస్తుంది. కష్టమైన ముక్కను అందులోని రిఫ్ రిపీటర్‌లో వేగం తగ్గించి ఎన్నిసార్లయినా తిప్పుకోవచ్చు. ఎడమచేతికి ఏ ఫ్రెట్ ఎక్కడుందో చూడకుండా తెలిసింది దీనివల్లే.

కుడిచేయి మాత్రం రాలేదు. పాటలో నా స్ట్రమ్మింగ్, అంటే తీగలన్నీ కలిపి కిందికీ పైకీ మీటడం, ముక్కలు ముక్కలుగా ఉండేది. స్కోరు చూస్తే తొంభై దాటేది, రికార్డు చేసుకుని వింటే పాటలా ఉండేది కాదు.

మా మేడ మీద అద్దెకుండే అక్క ఎస్వీ సంగీత నృత్య కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటోంది. గిటార్ గురించి ఆమెకేమీ తెలియదు. ఒక సాయంత్రం నా పక్కన కూర్చుని తెర వైపు చూడనే లేదు, నా కుడిచేయే చూసింది. "స్వరం లేనిచోట నీ చేయి ఎందుకు ఆగిపోతాంది? తాళం ఆగుతుందా?" అంది. గిటార్ పక్కన పెట్టించి ఆది తాళం వేయించింది. ఒక దెబ్బ, మూడు వేళ్లు, మళ్లీ దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. చేయి అలా నడుస్తుండగా సరళీ వరుస పాడమంది. కొన్నిచోట్ల గొంతు ఆపమంది. గొంతు ఆగినా చేయి నడుస్తూనే ఉంది.

స్ట్రమ్మింగ్ గుట్టంతా అందులోనే ఉంది. మోగించినా మోగించకపోయినా చేయి కిందికీ పైకీ ఒకే కొలతలో పోతూనే ఉండాలి. మోగనక్కర్లేని చోట తీగల పక్కగా గాలిలో పోతుంది. గేమ్‌లో చుక్క వచ్చేదాకా చేయి కాచుకుని ఉంటుంది, రాగానే ఒక్కసారి కదులుతుంది. పైగా గేమ్ వినేది శబ్దాన్ని, మన చేతిని కాదు. కిందికి మీటామో పైకి మీటామో దానికి తెలియదు. మణికట్టు బిగబట్టినా, పక్క తీగ అదనంగా మోగినా చాలాసార్లు సరే అనేసేది. మనిషి పక్కన కూర్చుంటే క్షణంలో పట్టేస్తారు.

ఆ తర్వాత అక్కే మాయామాళవగౌళ రాగం గిటార్ మీద వెతకమంది. ఐదో తీగ (సన్న తీగ నుంచి లెక్క) మూడో ఫ్రెట్‌లో స పెట్టుకుంటే రి ఆ పక్క ఫ్రెట్‌లోనే. గ మాత్రం నాలుగో తీగ మీద రెండో ఫ్రెట్‌లో, స్వరంలో రి కంటే మూడు ఫ్రెట్లంత పైన. తెర లేకుండా, పాడుతూ, వెతుక్కుంటూ వాయించిన ఆ వరుస నాకు ఇప్పటికీ చేతిలో ఉంది. గేమ్‌లో తొంభై దాటిన పాటల్లో చాలావాటికి తెర ఆపేస్తే రెండో వరుస గుర్తుకు రాలేదు. రాక్‌స్మిత్ 2014 అనే తర్వాతి గేమ్‌లో స్వరాలు మెల్లగా మాయమయ్యే మాస్టర్ మోడ్ ఉంది. దాన్ని ముందునుంచే వాడితే ఈ బాధ తగ్గుతుంది.

ఇప్పుడు రోజూ ముందు కాలితో తాళం వేస్తూ తెర లేకుండా కార్డ్స్ (ఒకేసారి కలిపి మోగించే స్వరాల గుంపులు) మారుస్తాను. చివర్లో రిఫ్ రిపీటర్‌లో ఒక ముక్క. చూపుడు వేలితో తీగలన్నీ అడ్డంగా నొక్కాల్సిన ఎఫ్ బార్ కార్డ్ మోగుతోంది. సీ కార్డ్ నుంచి దానికి వేగంగా మారినప్పుడు మాత్రం మొదటి తీగ ఇంకా మూగబోతోంది. చూపుడు వేలిని కాస్త పక్కకు ఒరిగించి నొక్కితే పలుకుతోంది, ఈ వారం దాని మీదే ఉన్నాను.