తర్గోవిష్టె నుంచి తిరుగు రైల్లో

రొమేనియా రాజధాని బుకారెస్ట్ వెళ్లొచ్చినవాళ్లంతా అక్కడి పార్లమెంట్ భవనం గురించే రాస్తారు. ప్రపంచంలోకెల్లా బరువైన కట్టడం. ఒక పేటను పేటే నేలమట్టం చేసి కమ్యూనిస్టు నియంత చౌషెస్కు కట్టించుకున్నాడు, అది పూర్తికాకముందే పోయాడు. నేనూ చూశాను, కాళ్లు లాగాయి, అంతే. పాత ఊళ్లో ఒక కాఫీకి పోసిన లెయ్‌లతో (అక్కడి డబ్బు) ఇంచుమించు ఆ చౌషెస్కును కాల్చిన ఊరు తర్గోవిష్టెకు రైలు టికెట్ వచ్చేస్తుంది. ఆ మంట మీదే మర్నాడు పొద్దున్నే రైలెక్కాను.

80 కిలోమీటర్ల దూరం, రైలేమో తీరిగ్గా నడుస్తుంది. స్టేషన్‌కు దగ్గర్లోనే పాత సైనిక శిబిరం, ఇప్పుడు మ్యూజియం. 1989 డిసెంబర్ 22న, విప్లవం చెలరేగినప్పుడు, కమ్యూనిస్టు పార్టీ కేంద్ర కార్యాలయం పైకప్పు మీంచి హెలికాప్టర్‌లో పారిపోయిన చౌషెస్కు దంపతులను చివరికి ఇక్కడే పెట్టారు. 25న సుమారు గంటసేపు విచారణ, వెంటనే కాల్చివేత. పెరట్లో గోడకు తూటాల గుంటలు అలాగే ఉన్నాయి. నేల మీద ఇద్దరూ పడిన చోట తెల్లరంగుతో మనిషి ఆకారాలు గీశారు. ముందు నిలబడి ఒక కుర్రజంట సెల్ఫీ తీసుకుంటోంది. నా బుర్రలో మాత్రం ఒకటే ప్రశ్న: అంత తొందర ఎవరికి?

దానికి జవాబు తిరుగు రైల్లో దొరికింది. ఎదురుగా కూర్చున్నాయనకు యాభై అయిదు దాటి ఉంటాయి. ఐర్లండ్‌లో కొన్నేళ్లు తాపీపని చేశాడట, ఇంగ్లీషు బాగానే వచ్చు. "గోడ చూసొచ్చారా?" అన్నాడు. చూశానన్నాను. "నేనా వారం బుకారెస్ట్‌లో ఉన్నాను, తుపాకీతో" అన్నాడు.

అప్పుడాయన నిర్బంధ సైనిక సేవలో ఉన్న కుర్రాడు. టీవీ భవనం కాపలాకు పంపారు. "ఉగ్రవాదులు వస్తున్నారని ఆ టీవీలోనే చెప్పేవాళ్లు. మేం చీకట్లోకి కాల్చేవాళ్లం. అటునుంచీ తూటాలు వచ్చేవి. అటు ఉన్నదీ మాలాంటి సిపాయిలేనని తర్వాత తెలిసింది." చెబుతూ రెండు చేతుల్నీ మోకాళ్ల మధ్య గట్టిగా నొక్కి పెట్టుకున్నాడు. ఆ విప్లవంలో 1,100 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పోయింది చౌషెస్కు పారిపోయాకే. ఇది చదివి ఉన్నాను గానీ, కాల్చిన మనిషి నోట వినడం వేరు.

"మరి 1990 ఎన్నికల్లో ఎవరికి వేశారు?"

"ఇలియెస్కుకే. ఆయనకు ఓటేసిన 85 శాతంలో నేనూ ఒకణ్ణి. టీవీలో కనిపించిందీ ఆయనే, మాకు తెలిసిందీ ఆయనే."

చౌషెస్కు పోయాక పగ్గాలు పట్టిన ఇలియెస్కు బయటివాడేం కాదు, ఒకప్పుడు అదే పార్టీలో పెద్ద పదవులు చేసి, తర్వాత చౌషెస్కు పక్కన పెట్టినవాడు. ఆ తొందర విచారణ వెనకున్నది ఈ కొత్త నాయకత్వమే. అదే 1990 జూన్‌లో బొగ్గు గని కార్మికులు రాజధానికి వచ్చి యూనివర్సిటీ చౌక్‌లో నిరసనకారులను, విద్యార్థులను కర్రలతో చావబాదారు. కొత్త అధ్యక్షుడు వాళ్లకు కృతజ్ఞతలు చెప్పి సాగనంపాడు. పోలండ్‌లో అయితే పదేళ్ల ముందునుంచే సాలిడారిటీ అనే కార్మిక సంఘం ఉంది. ప్రభుత్వంతో బల్ల దగ్గర కూర్చుని బేరమాడగలిగింది. రొమేనియాలో చౌషెస్కు అలాంటిదేదీ మొలకెత్తనివ్వలేదు. "టైప్ మిషన్ ఉన్నవాడు కూడా దాని అక్షరాల నమూనా పోలీసులకు ఇవ్వాలి" అన్నాడీయన. పాతవాడు ఏం మిగిల్చి పోయాడో దాంతోనే కదా కొత్త ప్రభుత్వం కట్టుకోవాలి!

మనకూ 1977 ఉందని చెప్పాను. ఎమర్జెన్సీ పెట్టిన ప్రభుత్వాన్ని ఓటుతో దించాం, గద్దెనెక్కినవాళ్లు మూడేళ్లు తిరక్కుండానే కొట్టుకుని పడిపోయారు, 1980లో దిగిపోయినామే మళ్లీ వచ్చింది. ఆయన పకపకా నవ్వాడు. ఇలియెస్కు కూడా 1996లో ఓడి 2000లో మళ్లీ గెలిచాడట. "కానీ ఓడినప్పుడు ఇంటికి వెళ్లాడు చూడండి" అన్నాడు.

2017లో అవినీతి కేసులను సడలిస్తూ ప్రభుత్వం రాత్రికి రాత్రి ఆర్డినెన్స్ తెస్తే, గడ్డకట్టే చలిలో లక్షలమంది వీధుల్లోకి వచ్చారు. కొద్దిరోజుల్లో వెనక్కి తీసుకున్నారు. ఈయన కూతురు కూడా వెళ్లింది. ఈయనకు ఆ రోజుల్లో నిద్రలేదు, ఎవడైనా కాలుస్తాడేమోనని టెన్షన్. ఎవరూ కాల్చలేదు. మాజీ ప్రధాని నస్తాసె 2012లో, పాలక పార్టీ అధినేత ద్రాగ్నియా 2019లో జైలుకెళ్లారు.

ఇది బాగుపడ్డట్టే కదా అని నేను కాస్త ఉత్సాహపడ్డాను. ఆయన వేలు అడ్డంగా ఊపాడు. జైల్లో ఒక పుస్తకం రాస్తే 30 రోజుల శిక్ష తగ్గించే చట్టం ఉండేదట. నేతలూ వ్యాపారులూ ఒకరిని మించి ఒకరు వందలకొద్దీ పుస్తకాలు రాసి పారేశారు. 2016లో దానికి తెరదించాల్సి వచ్చింది.

తీతు స్టేషన్ వచ్చింది. సంచీ భుజాన వేసుకుంటూ, "అప్పుడు టైప్ మిషన్ కొనాలన్నా పోలీసుల దగ్గరికి వెళ్లాలి, తర్వాత దొంగలు జైల్లో కూర్చుని గ్రంథాలు రాశారు. బాగుపడ్డామో లేదో మీరే చెప్పండి" అంటూ దిగిపోయాడు.