పట్టభద్రుల ఎమ్మెల్సీ ఓటు: టిక్కు కొడితే పోయినట్టే

డిగ్రీ చదివినవాళ్లు వేసే ఓట్లలోనూ చెల్లనివి వేలల్లో తేలుతుంటాయి. ఈవీఎం అలవాటే కొంప ముంచుతుంది. ఇక్కడుండేది బ్యాలెట్ పేపరు. సిబ్బంది ఇచ్చే ఊదారంగు స్కెచ్ పెన్నుతోనే నచ్చిన అభ్యర్థి పేరు పక్క గడిలో 1 వేయాలి. తర్వాత మిగతా అభ్యర్థులకు ప్రాధాన్య క్రమంలో 2, 3... మీ ఇష్టం, ఆపేయొచ్చు కూడా. 1 లేకపోయినా, ఇద్దరికి 1 వేసినా, అక్షరాల్లో ‘ఒకటి’ అని రాసినా, సంతకం పెట్టినా ఓటు చెల్లదు. 1, 2 వేసి 3 వదిలి 4 వేస్తే? రెండు దాకానే లెక్క.

గెలవాలంటే చెల్లిన ఓట్లలో సగానికి ఒకటి ఎక్కువ రావాలి: లక్షకు 50,001. ఎవరికీ రాకపోతే అందరికన్నా తక్కువొచ్చిన అభ్యర్థిని ఎలిమినేట్ చేసి, ఆ కట్టలోని ఒక్కో పేపరును దానిమీది తర్వాతి ప్రాధాన్యం ఎవరికుంటే వాళ్లకు కలుపుతారు. ఆ అభ్యర్థి అప్పటికే ఎలిమినేట్ అయివుంటే ఆ తర్వాతి అంకె చూస్తారు. అంకెలు అయిపోయిన పేపరు పక్కకు పోతుంది.

2021లో హైదరాబాద్-రంగారెడ్డి-మహబూబ్‌నగర్‌ స్థానంలో 93 మంది పోటీ. లెక్కింపు రోజుల తరబడి సాగిందంటే సాగదా మరి!

‘రెండో ఓటు వేస్తే మొదటి ఓటు బలం తగ్గుతుంది’ అనేది ఉత్త పుకారు. మీ మొదటి అభ్యర్థి బరిలో ఉన్నంతసేపూ 2ని ఎవరూ చూడనే చూడరు.